భుజం మీది శవానికి బరువెలా వచ్చింది? చందమామ శంకర్ గీతల గురించి

విక్రమార్కుడు ఎలా ఉంటాడని తెలుగునాట ఎవరినడిగినా ఇంచుమించు ఒకే మనిషిని వర్ణిస్తారు. మీసం, కిరీటం, చేతిలో దూసిన కత్తి, భుజాన వేలాడే శవం, గాలికి రేగిన ఆ శవం తెల్లటి జుట్టు, అడుగుల దగ్గర పుర్రెలు. కథలు మరిచిపోయినవాళ్ళు కూడా ఈ మనిషిని మరిచిపోలేదు. అయితే ఈయన సంస్కృత కథలోంచి నేరుగా నడిచి వచ్చినవాడు కాడు. 11వ శతాబ్దంలో కాశ్మీర కవి సోమదేవుడు కథాసరిత్సాగరంలో చేర్చిన 25 బేతాళ కథల్లో రాజు పేరు త్రివిక్రమసేనుడు. భిక్షువుకిచ్చిన మాట కోసం చెట్టు మీది శవాన్ని దించి మోస్తాడు. దారిలో బేతాళుడు కథ చెప్పి ప్రశ్న వేస్తాడు. మనకు తెలిసిన ఆ ముఖం, ఆ నడక, ఆ శ్మశానపు చీకటి మాత్రం మద్రాసు వడపళనిలోని చందమామ ఆఫీసులో బల్ల ముందు కూర్చుని బొమ్మలు వేసిన ఒక తమిళ చిత్రకారుడి చేతిలో పుట్టాయి. ఆయన కె.సి. శివశంకరన్. పాఠకులకు శంకర్.

ఆయన బొమ్మలు నేను ఊహ తెలిసినప్పటి నుంచీ చూస్తున్నాను. చందమామ చేతికొస్తే ముందు బొమ్మలన్నీ తిరగేసి, ఏ బొమ్మలో ఏం జరుగుతోందో సొంతంగా అల్లుకుని, ఆ తరువాతే అక్షరాల్లోకి దిగడం నా అలవాటు. చదవడం బాగా వచ్చాక కూడా అది పోలేదు. పెద్దయ్యాక ఒక సందేహం మొదలైంది. కథ అంటూ నాకు గుర్తున్నదాంట్లో రచయిత చెప్పింది ఎంత, శంకర్ వేసింది ఎంత? కథకు బొమ్మ నగలాంటిదని, తీసేసినా కథ కథగానే ఉంటుందని చాలామంది అనుకుంటారు. శంకర్ బొమ్మల్ని దగ్గరగా చూస్తే ఆ మాట నిలబడదు. కథ చెప్పకుండా వదిలేసినవి ఎన్నో ఆయన తేల్చి చెప్పారు. అవి ఏమిటో, ఎలా చెప్పారో ఒక్కొక్కటిగా విప్పి చూడాలని ఈ వ్యాసం.

ముందు మనిషి గురించి కాస్త. శంకర్ 1924 జులై 19న ఈరోడ్ దగ్గరి ఒక పల్లెలో పుట్టారు. చిన్నతనంలోనే కుటుంబం మద్రాసు వచ్చేసింది. 1940లలో మద్రాసు ఆర్ట్స్ స్కూల్లో చదువుకున్నారు. అప్పుడు అక్కడ ప్రిన్సిపాల్ దేవీప్రసాద్ రాయ్ చౌధురి. మెరీనా బీచిలో బండరాయిని కదిలించడానికి ఒళ్ళంతా వంచి తోస్తున్న కూలీల విగ్రహం ఆయన చేసిందే. చదువు ముగిశాక శంకర్ తమిళ పత్రిక కలైమగళ్‌లో చేరి, 1950ల మొదట్లో చందమామకు వచ్చారు. అప్పటి నుంచి పత్రిక ఆగిపోయేదాకా, ఇంచుమించు 60 ఏళ్ళు, అక్కడే. 2020 సెప్టెంబరు 29న చెన్నైలో కన్నుమూశారు. 2021లో పద్మశ్రీ వచ్చింది. అందుకోవడానికి అప్పటికి ఆయన లేరు.

చందమామ 1947 జులైలో తెలుగు, తమిళ భాషల్లో మొదలైంది. నడిపినవారు బి. నాగిరెడ్డి, చక్రపాణి. తరువాత కన్నడం, హిందీ, మరాఠీ, మలయాళం, ఒడియా, సంస్కృతం ఇలా పెరుగుతూ పోయింది. తమిళంలో అంబులిమామ, మరాఠీలో చాందోబా, మలయాళంలో అంబిలి అమ్మావన్. కథలు ఎక్కువగా తెలుగులో తయారయ్యేవి. 1952 నుంచి 1980లో పోయేదాకా కొడవటిగంటి కుటుంబరావు గారు సంపాదకత్వపు పని చూశారు. అక్కడ తయారైన కథ మిగతా భాషల్లోకి వెళ్ళేది. బొమ్మలు మాత్రం అన్నిటికీ ఒకటే. ఈ సంగతి గుర్తుంచుకోవాలి. శంకర్ బొమ్మల స్వభావం సగం ఇందులోంచే వచ్చింది.

ఇక్కడ ఒక చిక్కు తీయాలి. చందమామ బొమ్మలంటే చాలామందికి అన్నీ కలగలిసిపోయి ఉంటాయి. ముఖచిత్రాలతో మనసు దోచినవారు వడ్డాది పాపయ్య, మన వపా. 1921లో శ్రీకాకుళంలో పుట్టి, డ్రాయింగు మాస్టారుగా పనిచేస్తూ నీటిరంగుల్లో పురాణ స్త్రీలకు, ఋతువులకు, రాగాలకు రూపం కట్టిన మనిషి. వపా బొమ్మలో గీత కన్నా రంగు ముందు. అంతకుముందు ముఖచిత్రాల మీద మహాభారత దృశ్యాలు వేసినవారు ఎం.టి.వి. ఆచార్య, కన్నడ దేశం నుంచి వచ్చినవారు. దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్ళలోని మాంత్రికులు, రెక్కల గుర్రాల్లాంటి వింత జంతువులు, జలరాక్షసులు, కోయ వీరులు చిత్రా చేతిలోవి. ఆయన అసలు పేరు టి.వి. రాఘవన్. ఏ స్కూల్లోనూ నేర్చుకోకుండా సొంతంగా బొమ్మలు పట్టుకున్నవారు. బేతాళ కథలు, పురాణ ధారావాహికలు, రాజసభలు, పల్లెటూరి కాపులు, వ్యాపారుల కథలు అనగానే గుర్తొచ్చేవి ప్రధానంగా శంకర్‌వి. వీళ్ళలో ఎవరు గొప్ప అన్న తగువు పాఠకుల మధ్య ఎప్పటి నుంచో ఉంది. నాకు చిత్రా అంటే భయం కలిసిన ఇష్టం. వపా అంటే ఆరాధన. కానీ లోపలికి వెళ్ళి తిరగాలనిపించేవి శంకర్ బొమ్మలే. ఎందుకో చెబుతాను.

బేతాళ కథ మొదట్లో పైన వేసే విక్రమార్కుడి తలబొమ్మనే తీసుకుందాం. నెలనెలా కథ మారుతుంది, తలబొమ్మ అలాగే ఉంటుంది. అందులో రాజు నడుస్తున్నాడు. ఈ ఎంపిక చూడండి. బేతాళ కథల చట్రంలో గీయడానికి బోలెడు ఘట్టాలున్నాయి. చెట్టెక్కి శవాన్ని దించడం ఉంది. బేతాళుడు మాయమై తిరిగి చెట్టుకు వేలాడడం ఉంది. భిక్షువు హోమం ఉంది. చూపరులను అదరగొట్టాలనుకునే చిత్రకారుడు శవం ఎగిరిపోయే క్షణాన్ని పట్టుకునేవాడు. శంకర్ నడకను పట్టుకున్నారు. నడక అంటే ఇంకా ఏమీ జరగలేదు. రాజు నోరు మూసుకుని ఉన్నాడు. ఉండాలి కూడా, ఎందుకంటే మాట్లాడితే పని చెడుతుంది. బొమ్మ ఎలాగూ మాట్లాడదు. పెదవి కదపకూడని మనిషికి, పెదవి కదపలేని బొమ్మకు ఇక్కడ చక్కగా కుదిరింది. కథంతా బేతాళుడి మాటల్లో సాగిపోతుంటే పై బొమ్మలో రాజు మౌనం పట్టుకుని నడుస్తూనే ఉంటాడు. పాఠకుడు చివరి ప్రశ్న దాకా వచ్చేసరికి ఆ మౌనం ఎంత కష్టమో వాడికీ తెలుస్తుంది, జవాబు వాడి నాలుక మీదా ఆడుతుంటుంది కాబట్టి.

ఇంకో సంగతి. సంస్కృత మూలంలో ఈ నడకకు ముగింపు ఉంది. చివరి కథకు రాజు దగ్గర జవాబు లేదు. నిజంగానే మాట్లాడలేక నడుస్తాడు, దానికి మెచ్చి బేతాళుడు భిక్షువు కుట్ర బయటపెడతాడు. చందమామలో అసలు కథలు అయిపోయాక కొత్తవి అల్లుతూ, దశాబ్దాల తరబడి వందల కొద్దీ వేశారు. ముగింపు వస్తే శీర్షిక ముగుస్తుంది కనుక ముగింపు రాకూడదు. నడక అనే క్షణాన్ని ఎంచుకున్నందువల్లే ఆ ఒక్క బొమ్మ అన్నేళ్ళూ చెల్లింది. శవం ఎగిరిపోతున్న బొమ్మో, హోమగుండం బొమ్మో వేసి ఉంటే నాలుగు నెలలకే పాతబడేది.

ఇప్పుడు ఆ శవం సంగతి. శవాన్ని భుజాన వేసుకున్న మనిషిని గీయడం చూడ్డానికి తేలిక. చాలా అనుకరణల్లో రాజు నిటారుగా నిలబడి ఉంటాడు, శవం ఉత్తరీయంలా భుజాన ఉంటుంది. శంకర్ రాజు అలా ఉండడు. మోత మోసే మనిషి ఒళ్ళు మోతకు ఎదురు సర్దుకుంటుంది. నడుము ఒక పక్కకు వెళుతుంది, మెడ మోత లేని వైపుకు జరుగుతుంది, అడుగు కాస్త ముందుగానే నేల వెతుక్కుంటుంది. మిల్లు దగ్గర వడ్ల బస్తా ఎత్తుకుని బల్ల మీదుగా లారీలోకి నడిచే హమాలీని చూసినవాళ్ళకు ఈ సర్దుబాటు తెలుసు. శంకర్ రాజు కిరీటం పెట్టుకున్నా ఆ హమాలీ ఎముకల మీదే నడుస్తాడు. బట్టలు, నగలు, కండలు అన్నీ ఆ సర్దుబాటు మీద కూర్చున్నవే. శవం కాళ్ళూ చేతులూ కూడా చూడాలి. వాటిలో జీవం లేని వేలాట ఉంది. ఒక శరీరం బలమంతా పెట్టి మోస్తోంది, ఇంకో శరీరం తన బరువంతా వదిలేసింది. ఈ రెంటి తేడా గీతలోనే తెలియాలి. మోసే చేతి మీద గీత బిగువుగా, విరిగి విరిగి పోతుంది. వేలాడే చేతి మీద ఒకే జారుడులో దిగిపోతుంది. రాయ్ చౌధురి ప్రిన్సిపాల్‌గా ఉన్న బడిలో చదివిన కుర్రాడు బరువును ఇంత బాగా గీశాడంటే నాకు ఆశ్చర్యం లేదు. మెరీనాలోని ఆ విగ్రహంలో ఉన్నదంతా బరువే, తోసేవాళ్ళ వెన్నుల్లో కనిపించే బండరాయి బరువు. ఈ రెంటినీ కలిపి చూడడం నా ఊహే గానీ, ఆ విగ్రహం ముందు నిలబడ్డప్పుడల్లా నాకు విక్రమార్కుడి భుజమే గుర్తొస్తుంది.

చిన్నప్పుడు పల్చటి కాగితం పరిచి ఈ బొమ్మల మీద పెన్సిలు నడిపించేవాణ్ణి. గీతలన్నీ ఉన్న చోటే పడేవి, బొమ్మ మాత్రం చచ్చిపోయేది. కారణం అచ్చు గురించి తెలుసుకున్నాక అర్థమైంది. పాతకాలపు అచ్చులో గీతబొమ్మను ఫోటో తీసి, జింకు రేకు మీదికి ఎక్కించి, యాసిడ్‌తో తినిపించి బ్లాకు చేసేవారు. సిరా అంటే అంటుతుంది, లేకపోతే లేదు. మధ్యలో బూడిదరంగు అనేది లేదు. ఫోటోల్లాంటి నీడలు కావాలంటే హాఫ్‌టోన్ బ్లాకు చేయాలి, అంటే బొమ్మను చుక్కలుగా విరగ్గొట్టాలి. సాదా కాగితం మీద ఆ చుక్కలు అలుక్కుపోతాయి. కాబట్టి లోపలి పుటల బొమ్మల్లో వెలుగూ నీడా, దగ్గరా దూరమూ, పట్టూ నూలూ అన్నీ నల్లటి గీత ఒక్కదానితోనే చెప్పాలి. దాని మీద ఒక రంగో రెండు రంగులో పరిచేవారు. నాలుగు రంగులు లోపలికి వచ్చింది తరువాతి కాలంలో.

ఈ ఇరుకులోంచే శంకర్ గీత తయారైంది. గీత లావు మారుతుంది. ముందున్న మనిషి చుట్టూ లావు, వెనక గోడ అంచున సన్నం, ఇంకా వెనక చెట్ల దగ్గర తెగిపోయి చుక్కలు. దీంతోనే దూరం పుడుతుంది. నీడ కావాల్సిన చోట సన్నటి గీతలు పక్కపక్కన పడతాయి, కానీ వస్తువు వంపును అనుసరించే పడతాయి. స్తంభం మీద స్తంభం చుట్టూ తిరుగుతాయి, పంచె మీద ముడతల వెంట దిగుతాయి, ఏనుగు తొండం మీద అడ్డంగా వంగుతాయి. అందుకే నీడ నీడగానే కాకుండా ఆకారంగా కూడా తెలుస్తుంది. పెన్సిలు ఒకే లావులో నడిపిన పిల్లాడి కాగితం మీద ఈ రెండూ లేవు, అందుకే బొమ్మ చచ్చిపోయింది. రాత్రి దృశ్యాల్లో నలుపును పెద్ద ముద్దలుగా వదలడం కూడా ఆయనకు బాగా తెలుసు. శ్మశానంలో చెట్టు మొదలు దగ్గర గీతలే ఉండవు, ఉత్త నలుపు. ఆ నలుపులో ఏముందో పిల్లలే నింపుకోవాలి. నేను చాలా నింపాను.

శంకర్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి సభలు. బేతాళ కథల్లో సగం న్యాయానికి సంబంధించిన చిక్కులే: ఎవరిది తప్పు, ఎవరు ఎక్కువ త్యాగం చేశారు, ఎవరికి హక్కుంది. అంటే గీయాల్సింది మాటలు వింటున్న మనుషుల్ని. మాట్లాడే మనిషిని గీయడం తేలికే, చెయ్యి ఎత్తిస్తే చాలు. వినేవాళ్ళను గీయడమే కష్టం. శంకర్ సభలో రాజు సింహాసనం మీద కాస్త ముందుకు వంగి ఉంటాడు. మంత్రి రాజును చూడకుండా ఫిర్యాదుదారు ముఖాన్ని చూస్తుంటాడు. ఫిర్యాదుదారు భార్య నేలకేసి చూస్తుంటుంది. ద్వారం దగ్గరి భటుడు ఒకడు ఎటో చూస్తుంటాడు, వాడికి ఈ గొడవ పట్టదు. ఇవేవీ కథలో ఉండవు. కథలో ఉండేది రాజు విచారించాడన్న ఒక్క ముక్క. మంత్రికి ముందే అనుమానం వచ్చిందని, భార్యకు నిజం తెలుసని బొమ్మ చెబుతుంది. పిల్లలు ఇలాంటివి గబుక్కున పట్టేస్తారు. నేను కథ చదవకముందే దొంగ ఎవరో చెప్పేసేవాణ్ణంటే కారణం శంకర్ చూపుల్ని అలా పంచిపెట్టడమే.

చోటు విషయంలోనూ అంతే. పేదవాడి గుడిసె, మధ్యరకం పెంకుటిల్లు, వర్తకుడి మేడ, రాజభవనం వేటికవే వేరు. పెంకుటింటికి అరుగు ఉంటుంది, చూరు కిందికి వంగి ఉంటుంది, గుమ్మం పక్కన రోలో చేటో కనిపిస్తుంది. మనిషి గుమ్మంలోంచి బయటికి వస్తుంటే తల కాస్త వంచే వస్తాడు, ఆ ఇంటి గుమ్మం ఎత్తు అంతే మరి. ఎడ్లబండి వేస్తే ఇరుసు, కాడి, చక్రపు ఆకులు లెక్క తప్పవు. బావి వేస్తే గిలక, చేద ఉంటాయి. చాలాసార్లు చూపును ఒకింత పై నుంచి పెడతారు, మిద్దె మీద నిలబడి వీధిలోకి చూస్తున్నట్టు. అలా చూస్తే ఇంటి లోపల ఎవరున్నారో, పెరట్లో ఎవరు దాక్కున్నారో రెండూ ఒకే బొమ్మలో పడతాయి. లోపలికి వెళ్ళి తిరగాలనిపిస్తుందని అన్నది ఇందుకే. ఆయన బొమ్మలో నేల ఉంటుంది. మనుషులు దాని మీద నిలబడతారు, వాళ్ళ మధ్య నడిచి వెళ్ళడానికి దారి ఉంటుంది.

ఇప్పుడు ముందు పక్కనపెట్టిన సంగతికి వద్దాం, అన్ని భాషలకూ ఒకే బొమ్మలు అన్నదానికి. చిత్రకారుడికి ఇది పెద్ద షరతు. బొమ్మలో అక్షరం పెట్టడానికి లేదు. అంగడి మీద పలక వేయాలంటే ఏ లిపిలో రాస్తారు? చీరకట్టు పూర్తిగా తెలుగు కట్టైతే గుజరాతీ పిల్లకు ఆ కథ వేరే ఊరిది అవుతుంది. తలపాగా పూర్తిగా రాజస్థానీదైతే మలయాళీ పిల్లాడికి అంతే. కాబట్టి ఎవరి ఊరూ కాని, అందరికీ తమ ఊరే అనిపించే ఒక దేశాన్ని కట్టాల్సి వచ్చింది. శంకర్ దేశంలో రాజభవనాల స్తంభాలు దక్షిణాది దేవాలయ మండపాలను తలపిస్తాయి. కిటికీలు, గోపురాల పైభాగాలు ఉత్తరాది కోటల వైపు చూస్తాయి. ఆడవాళ్ళ కేశాలంకరణలో అజంతా జాడలు కనిపిస్తాయి. చరిత్ర పుస్తకం తెరిచి ఇది ఏ శతాబ్దం, ఏ రాజ్యం అని అడిగితే జవాబు దొరకదు. నాగిరెడ్డి, చక్రపాణి గార్లే విజయా సంస్థ పేరిట పాతాళభైరవి, మాయాబజార్ తీసినవారు. ఆ సినిమాల లోకమూ ఇలాంటిదే, ఏ కాలానికీ చెందని ఒక పాతకాలం. తెలుగువాడి తలలో పాతకాలం అనే మాటకు ఇవాళ్టికీ ఉన్న రూపంలో పెద్ద వంతు వడపళనిలోనే కుదురుకుంది.

ఇందులో ఇంకో వింత ఉంది. తెలుగు కథలకు మన మనసుల్లో రూపం కట్టిన చిత్రా, శంకర్ ఇద్దరూ తమిళులు. మనం మన పల్లెటూరనుకుని మురిసిపోయిన అరుగు బహుశా కావేరి వైపు ఊరిదే అయ్యుంటుంది. అయినా పిల్లలుగా ఎవరికీ పరాయిగా తోచలేదు. ఆ షరతు ఎంత బాగా నెరవేరిందో చెప్పడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

అభిమానం ఉందని కళ్ళు మూసుకోను. ఆ ఉమ్మడి దేశం అందరికీ సమానమైన దేశం కాదు. చందమామ బొమ్మల సంప్రదాయమంతటిలో మంచివాళ్ళు చాలావరకు తీరైన ముక్కుతో, రంగుల పుటలు వచ్చాక లేత ఒంటిరంగుతో ఉంటారు. రాక్షసులు లావుగా, దట్టమైన పెదవులతో, నల్లగా ఉంటారు. రాజకుమారి అందానికి ఒకటే అచ్చు. శంకర్ కూడా ఆ అచ్చులోనే వేశారు. అవి చూస్తూ పెరిగిన నల్లటి పిల్లలు తమను ఎటువైపు లెక్కవేసుకుని ఉంటారన్నది తేలిగ్గా కొట్టిపారేయాల్సిన ప్రశ్న కాదు, నేనూ కొట్టిపారేయను. అదే సమయంలో ఆయన ముసలివాళ్ళను చూడమంటాను. కట్టెలు కొట్టేవాడు, పేదరాశి పెద్దమ్మ, జాలరి, బిచ్చగాడు. వీళ్ళ దగ్గరికి వచ్చేసరికి అచ్చు మాయమవుతుంది. ఒక్కొక్క ముఖం ఒక్కొక్కరిది. పక్కటెముకలు, కాళ్ళ పిక్కల నరాలు, ఊడిన పళ్ళు అన్నీ మర్యాదగా, జాగ్రత్తగా గీసి ఉంటాయి. రాజకుమారుడి కన్నా కట్టెలవాడి మీద ఆయన గీత ఎక్కువ సేపు నిలిచిందని నాకు గట్టిగా అనిపిస్తుంది.

నెలనెలా ఇన్ని పుటలు, ఇన్ని కథలు, 60 ఏళ్ళు. నెల జీతానికి పనిచేసిన చిత్రకారుడి బతుకు ఇది. తనకు నచ్చిన కథే వేస్తానని కుదరదు. గడువు దాటడానికి లేదు, ఎందుకంటే ఒక బొమ్మ ఆలస్యమైతే అన్ని భాషల్లోనూ ఆ పుట ఆగుతుంది. ఆ రోజుల్లో ఆర్ట్ గ్యాలరీల లోకం ఇలాంటివాళ్ళను కళాకారుల్లో లెక్కవేయలేదు. పత్రికలో బొమ్మలేసేవాడు అంటే వేరే మెట్టు. చందమామ 1998లో కొంతకాలం ఆగి, మరుసటి ఏడు మళ్ళీ మొదలైంది. 2007లో చేతులు మారింది, మరి కొన్నేళ్ళకు పూర్తిగా నిలిచిపోయింది. అప్పటికి శంకర్‌కు 90 ఏళ్ళు దగ్గరపడుతున్నాయి. ఆయన కుంచె పక్కన పెట్టలేదు. చెన్నై రామకృష్ణ మఠం వాళ్ళ తమిళ మాసపత్రిక రామకృష్ణ విజయానికి బొమ్మలు వేశారు.

పాత సంచికలు ఇవాళ దొరుకుతున్నాయంటే అది చాలావరకు పాఠకుల పూనికే. దాచుకున్న ప్రతులను స్కాన్ చేసి పంచుకున్నారు. అలా వాట్సాప్‌లో, ఫేస్‌బుక్‌లో తిరిగే బొమ్మలకు మూలన ఉండే సంతకం తరచూ కత్తిరించి ఉంటుంది. కింద చందమామ బొమ్మ అని మాత్రం రాస్తారు. ఎవరిదో తెలుసుకోవడం అంత కష్టం కాదు. గీతలు దుందుడుకుగా, మనుషులు గాలిలోకి ఎగిరినట్టు, జంతువు మనిషి కన్నా బతికున్నట్టు ఉంటే ముందుగా చిత్రా పేరు తలచుకోండి. గీత దాదాపు కనబడక రంగులోంచి ఆకారం తేలుతుంటే వపా అయ్యే అవకాశం ఎక్కువ. పాదాలు నేల మీద గట్టిగా ఆని ఉండి, వాటి కింద చిన్న నీడ పడి ఉండి, వెనక నిలబడ్డ ఊరూపేరూ లేని మనిషి కూడా దేన్నో శ్రద్ధగా వింటుంటే శంకర్ పేరు వెతకండి. ఆ సంచిక మొత్తం స్కాన్ దొరికితే అదే కథలో మరో పుట తిప్పి చూడండి. ఒక బొమ్మలో తెగిన సంతకం పక్క బొమ్మలో నిండుగా ఉండొచ్చు. దొరికాక పేరు రాసి పంచుకోండి.